బెర్లిన్‌లో సైకిల్ జట్టు: చిట్టికి పిన్ని ఉత్తరం

నల్లకుంట, హైదరాబాద్

చిట్టీ,

మొన్న ఫోన్లో "రెండు నెలలైంది పిన్నీ, ఇంకా ఒక్కదాన్నే తొక్కుతున్నా" అన్నావు. ఆ మాట అప్పట్నుంచీ మనసులో తిరుగుతూనే ఉంది. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని కూర్చుని రాస్తున్నాను. 2012 నుంచి ఐదేళ్ళు నేనూ మీ బాబాయీ ఆ ఊళ్ళోనే ఉన్నాం కదా, మొదటి ఏడాది నాదీ నీ పరిస్థితే. ఆదివారం పొద్దున్నే కాలువ పక్కన రెండు గంటలు తొక్కి, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా ఇంటికొచ్చి అన్నం వండుకునేదాన్ని. కాళ్ళకు తృప్తిగా ఉండేది, మనసుకు ఉండేది కాదు.

ఇక్కడ నీకు జట్టు ఎలా దొరికిందో గుర్తు చేసుకో. నువ్వు ఎవర్నీ వెతకలేదు. ఆదివారం ఐదున్నరకు నాతో నెక్లెస్ రోడ్డుకు వచ్చేదానివి, అంతే. మూడో వారం నీలం హెల్మెట్ అంకుల్ తలూపాడు. ఐదో వారం "ఇవ్వాళ గండిపేట దాకా వస్తావా బిడ్డా" అని అడిగాడు. అక్కడా అలాగే అవుతుంది. కాకపోతే ఆ ఊరి నెక్లెస్ రోడ్డు ఎక్కడుందో నీకింకా తెలీదు.

నువ్విప్పుడు చేస్తున్నది, వాట్సాప్ గ్రూపుల్లో "ఈ ఆదివారం నాతో ఎవరైనా వస్తారా" అని పెట్టి జవాబుల కోసం చూడటం, అది మానెయ్. నేనూ చేశాను, ఒక్కరు నిలబడలేదు. వస్తామన్నవాళ్ళు శనివారం రాత్రికి వాన అనో పని అనో ఆగిపోతారు. వాళ్ళను తప్పుపట్టలేం. ముక్కూమొహం తెలియని ఒక్క మనిషి కోసం చలిలో పక్క దిగాలంటే ఎవరికైనా కష్టమే. నువ్వు వచ్చినా రాకపోయినా ఎలాగూ జరిగే రైడ్ ఒకటి చూసుకో. ప్రతివారం అదే రోజు, అదే చోటు, అదే టైము. దానికి వరుసగా ఆరు వారాలు వెళ్ళు. మధ్యలో ఒక్క వారం కూడా మానకు. నన్ను నాలుగో వారం దాకా ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. ఐదో వారం నేను జలుబుతో రాకపోతే, ఆరో వారం ముగ్గురు "ఎలా ఉంది" అని అడిగారు. ఇద్దరు ముగ్గురు అలా అడగడం మొదలుపెట్టారంటే నీకు జట్టు దొరికినట్టే.

మొదటి అడుగు ఏడీఎఫ్‌సీ. జర్మనీ అంతటా ఉన్న సైకిలిస్టుల సంఘం, 1979లో పుట్టింది. వాళ్ళు ఆ-డే-ఎఫ్-త్సే అని పలుకుతారు, నువ్వూ అలాగే అను, వెంటనే అర్థమవుతుంది. బెర్లిన్ శాఖవాళ్ళు గైడ్‌తో రైడ్‌లు పెడతారు. ఎన్ని కిలోమీటర్లు, ఎంత వేగం, ఎక్కడ మొదలు అని ముందే రాస్తారు. వచ్చేవాళ్ళలో నా వయసువాళ్ళే ఎక్కువ, నీకు మొదట చప్పగా అనిపించొచ్చు. అయినా వెళ్ళు. ఆ పెద్దవాళ్ళకు ఊరి చుట్టూ ఉన్న ప్రతి అడవి దారీ తెలుసు. కూతుళ్ళూ మేనల్లుళ్ళూ ఏ క్లబ్బులో తొక్కుతున్నారో కూడా తెలుసు. నాకు తర్వాత దొరికిన రెండు జట్లూ అలా ఒకావిడ చెయ్యి పట్టుకుని పరిచయం చేసినవే. సభ్యత్వం తీసుకుంటే సైకిల్ మీద ఉన్నప్పుడు నీవల్ల ఇంకొకరికి నష్టం జరిగితే దానికి ఇన్సూరెన్స్ కూడా అందులోనే ఉంటుంది. ఇది చిన్న విషయం అనుకోకు. గుంపులో నీ చక్రం తగిలి పక్కవాడు పడి చెయ్యి విరిగితే, ఆ ఖర్చు నీ నెత్తిన పడుతుంది. అక్కడివాళ్ళు చాలామంది ఈ ఇన్సూరెన్స్ లేకుండా ఇల్లు కదలరు. వేరేగా తీసుకున్నావో లేదో ఈ వారమే చూసుకో.

ఇక వేగం. చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు, నేనూ తిన్నాను. అక్కడ రైడ్ గురించి మొదట అడిగేది "ష్నిట్ ఎంత" అని, అంటే సగటు వేగం, గంటకు ఎన్ని కిలోమీటర్లని. నేను మన లెక్కలో "ఇరవై ఐదు వస్తుంది" అన్నాను. ఒక రోడ్ క్లబ్బువాళ్ళు సరే రమ్మన్నారు. మొదటి ఇరవై కిలోమీటర్లు బాగానే ఉన్నాను. తర్వాత ముందు సైకిల్ వెనక చక్రానికీ నా ముందు చక్రానికీ మధ్య జానెడు ఉన్న సందు మూరెడైంది. మూరెడు కాస్తా మనిషి పొడవు, ఆ మనిషి పొడవు కాస్తా ఒక కారు పట్టేంత అయింది. ఒకసారి ఆ సందులోకి గాలి దూరిందంటే ఇంక పూడ్చలేవు చిట్టీ, ఎంత తొక్కినా వాళ్ళ వీపులు చిన్నవైపోతుంటాయి. తెల్ల గడ్డం పెద్దాయన ఒకాయన వెనక్కి వచ్చి "నా వెనకే ఉండు" అని సైగ చేసి, పన్నెండు కిలోమీటర్లు నాకు గాలి అడ్డుపెట్టి దగ్గర్లోని రైలు స్టేషన్ దాకా తీసుకొచ్చాడు. ఆయన తన రైడ్ పోగొట్టుకున్నాడు. నాకు ఆ రోజు సిగ్గుకంటే ఆయన మీద జాలి ఎక్కువైంది.

అందుకని నీ వేగం నువ్వే నిజాయితీగా కొలుచుకో. నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఔటర్ రింగ్ రోడ్డు సోలార్ ట్రాక్ మీద నువ్వు తొక్కిన 26ను లెక్కలోకి తీసుకోకు. 2023లో ఆ ట్రాక్ వచ్చాక మన ఊళ్ళో అందరికీ వేగం పెరిగినట్టు అనిపించింది. పైన సోలార్ కప్పు, కింద సాపైన రోడ్డు, సిగ్నల్ ఒక్కటీ లేదు, పెరక్కేం చేస్తుంది! బెర్లిన్‌లో ఊరు దాటేదాకా సిగ్నళ్ళే, దాటాక ఎదురుగాలి. నలభై కిలోమీటర్లు ఒక్కదానివే తొక్కి సగటు చూసుకో, అందులోంచి రెండు తీసెయ్, మిగిలిన అంకె చెప్పు. నువ్వు వాళ్ళను అడగాల్సిన ప్రశ్న, వెనకబడినవాళ్ళ కోసం ఆగుతారా లేదా అని. ఆగం అంటే అది వాళ్ళ పద్ధతి, కోపం తెచ్చుకోవద్దు, ఇంకో గ్రూపు చూసుకో. ఏ రైడ్‌కి వెళ్ళినా దారిలో ఎస్-బాన్, అంటే ఊరి లోకల్ రైలు, స్టేషన్లు ఎక్కడెక్కడ వస్తాయో ముందే చూసి పెట్టుకో. సైకిల్‌కి వేరే టికెట్ కొనాలి, డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెల పాసులో సైకిల్ రాదు.

టైము గురించి ఒక్క మాట. మన దగ్గర ఐదున్నర అంటే ఆరింటికి కదులుతాం, మధ్యలో చాయ్ కూడా అవుతుంది. అక్కడ పది అంటే పది. నేను ఒకసారి పదీ ఏడుకు చేరాను, ఖాళీ ఫుట్‌పాత్ కనిపించింది. పది నిమిషాలు ముందే ఉండు. పేర్లు తెలిసేదీ ఆ పది నిమిషాల్లోనే, తొక్కడం మొదలయ్యాక అందరికీ వీపులే కనిపిస్తాయి.

సైకిల్ మార్చావు కాబట్టి ఇది తప్పకుండా చదువు. మన సైకిళ్ళకు కుడి చేతి బ్రేకు ముందు చక్రానికి. అక్కడ ఎడమ చేతిది ముందు చక్రానికి. మామూలుగా తొక్కేటప్పుడు నెమ్మదిగా అలవాటైపోతుంది గానీ, గుంపులో ముందువాడు సడెన్‌గా ఆగితే చెయ్యి పాత అలవాటుకే పోతుంది. వెనక చక్రం పట్టేశాననుకుని ముందు చక్రం పట్టేస్తావు, హ్యాండిల్ మీంచి ఎగిరి పడతావు. ఖాళీ స్థలంలో పదిసార్లు కావాలని గట్టిగా బ్రేకు వేసి చేతికి నేర్పు. సెకండ్ హ్యాండ్ సిటీ సైకిల్ కొన్నావంటే పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు కూడా ఉండొచ్చు, దాన్ని గ్రూప్ రైడ్‌కు తీసుకెళ్ళకు.

ఆ ఖాళీ స్థలం ఎక్కడంటావా, టెంపెల్‌హోఫ్ మైదానం. మన బేగంపేటలో మామూలు విమానాలు ఆగిపోయిన 2008లోనే ఆ ఎయిర్‌పోర్టూ మూతపడింది. 2010లో పార్కు చేసి జనానికి వదిలేశారు. మేమున్నప్పుడే, 2014లో, అందులో ఇళ్ళు కట్టొచ్చా అని ఓటింగు పెడితే ఊరివాళ్ళు వద్దన్నారు. విమానాలు దిగిన రన్‌వే మీద ఈ చివరినుంచి ఆ చివరికి తొక్కుతుంటే, బేగంపేట గోడ పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా నాకు కలిగే ఆశ ఒకటుంది, అది తీరినట్టుండేది. కార్లు రావు, బోలెడు వెడల్పు. కొత్తవాళ్ళను మొదటిసారి కలవడానికి కూడా అదే మంచి చోటు, చుట్టూ జనం ఉంటారు. ఆడపిల్లవి కాబట్టి చెబుతున్నాను, మొదటి రెండు మూడు కలయికలు పగటిపూట, నలుగురు తిరిగే చోటే పెట్టుకో. లైవ్ లొకేషన్ మీ అమ్మకు కాకుండా ఆ ఊళ్ళో ఉన్న ఎవరికైనా పంపు. అమ్మ ఇక్కడ కంగారు పడటం తప్ప ఏం చెయ్యగలదు?

నెలలో ఆఖరి శుక్రవారం సాయంత్రం క్రిటికల్ మాస్ ఉంటుంది. 1992లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన పద్ధతి, ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. వందల సైకిళ్ళు ఒక్కసారి కదులుతాయి, ఒకసారి చూడాలి. జట్టు దొరకడానికి మాత్రం పనికి రాదు, జాతరలో స్నేహం కుదరనట్టే. ఇంకో సంగతి, అక్కడి చట్టంలో పదిహేను మందికి మించిన సైకిల్ గుంపును ఒకే బండిగా లెక్కేస్తారు. ముందువాళ్ళు పచ్చలైటుకు దాటితే మధ్యలో ఎరుపు పడినా చివరివాళ్ళు దాటొచ్చు. అది చూసి ఎనిమిది మంది రైడ్‌లో అలా చేశావంటే అది సిగ్నల్ దాటడమే. ఎవరికి వాళ్ళు ఆగాల్సిందే.

పంక్చర్ సామాను నీ దగ్గరే ఉండాలి. మన పంక్చర్ షాపులో సన్నటి రబ్బరు వాల్వ్ ట్యూబు తొడిగే పాత వాల్వు చూశావు కదా, అక్కడి సిటీ సైకిళ్ళకు దాని తోబుట్టువే ఉంటుంది. రోడ్డు సైకిళ్ళకు సన్నగా పొడుగ్గా ఉండేది, కారు టైరుకు ఉండే లావుది మరోటి. నీది ఏదో చూసుకుని అదే ట్యూబు సీటు కింద కట్టుకో. ట్యూబు మార్చడం రాకపోతే, యూనివర్సిటీల్లో మన రిపేరు మనమే చేసుకునే వర్క్‌షాపులు ఉంటాయి, పనిముట్లు వాళ్ళవి, చెయ్యి నీది. గ్రీజు చేతులతో ఇద్దరు ఒకే చక్రం పట్టుకుంటే మాటలు వాటంతటవే వస్తాయి. నీ జర్మన్ అంతంతమాత్రమే అయినా ఆ చోట ఇబ్బంది ఉండదు. గ్రూపులో మాత్రం నాలుగు మాటలు ముందే నేర్చుకో: "ఆఖ్టుంగ్" అంటే జాగ్రత్త, "ఫ్రై" అంటే దారి ఖాళీ, "లింక్స్" ఎడమ, "రెఖ్ట్స్" కుడి. నీ ముందువాడు అన్నది నీ వెనకవాడికి వినపడేలా నువ్వూ అనాలి, అది మరిచిపోతే వెనకవాళ్ళు పడతారు.

తినడానికి పల్లీ చిక్కీ తీసుకెళ్ళు. నీకు రెండు ముక్కలు, పక్కవాళ్ళకు నాలుగు. యాభయ్యో కిలోమీటరు దగ్గర ఆ బెల్లం ఎంత పని చేస్తుందో వాళ్ళకు తెలీదు, తెలిశాక నిన్ను వదలరు. ఇచ్చేముందు వేరుశెనగ పడుతుందా అని అడుగు, పడనివాళ్ళు అక్కడ ఉంటారు.

మన తెలుగువాళ్ళ సంగతి అడిగావు. సంక్రాంతికో ఉగాదికో కలిసినప్పుడు సైకిల్ తొక్కేవాళ్ళు ఒకరో ఇద్దరో తప్పక తగులుతారు. వాళ్ళను నీ రైడ్‌కి తీసుకురా. వాళ్ళు పోగయ్యేదాకా నువ్వు ఇంట్లో కూర్చోకు.

ఇదంతా ఇప్పుడే మొదలుపెట్టు, మే నెల దాటనివ్వకు. జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగు ఉంటుంది, ఆఫీసు అయ్యాక ముప్పై నలభై కిలోమీటర్ల సాయంత్రం రైడ్‌లు నడుస్తాయి. నీలాంటి ఉద్యోగస్తులు దొరికేది వాటిల్లోనే. డిసెంబరులో నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. ఆ రోజుల్లో కొత్తవాళ్ళు దొరకడం కష్టం, ఎండాకాలంలో దొరికినవాళ్ళే నిన్ను ఇంట్లోంచి బయటికి లాగాలి.

నాకో కోరిక ఉంది. పాత గోడ వెంబడి పశ్చిమ బెర్లిన్ చుట్టూ తిరిగే దారి, మావర్‌వేగ్, దాదాపు 160 కిలోమీటర్లు. మన ఔటర్ రింగ్ రోడ్డు 158, ఇంచుమించు అంతే. నేను దాన్ని ముక్కలు ముక్కలుగా చేసి ఒక్క ముక్క మిగిల్చి వచ్చేశాను, దక్షిణాన టెల్టో దగ్గర జపాన్‌వాళ్ళు ఇచ్చిన చెర్రీ చెట్ల వరుస ఉన్న ముక్క. ఏప్రిల్ చివర్లో పూస్తాయట. వచ్చే ఏప్రిల్‌కి నీ జట్టుతో అక్కడికి వెళ్ళు. నేనూ టికెట్ చూసుకుంటాను, మీ బాబాయి ఒప్పుకున్నారు.

ఈ ఆదివారం ఆరింటికి గండిపేటలో ఉంటాను. అప్పుడు నీకు రాత్రి రెండున్నర, పడుకో. లేచాక రెండు ఫోటోలు పంపు: సీటు కింద కట్టిన ట్యూబుది ఒకటి, నువ్వు ఎంచుకున్న రైడ్ రోజూ టైమూ రాసిన కాగితానిది ఒకటి. నీలం హెల్మెట్ అంకుల్ నిన్ను అడుగుతున్నాడు, ఆయనకూ చూపిస్తాను.

ప్రేమతో,
మీ పిన్ని