ఫ్రీజ్ డ్రైడ్ భోజనం: బీపీ ఉన్నవారు లేబుల్‌పై ఏం చూడాలి?

ప్రశ్న: నా వయసు 52. నాలుగేళ్లుగా బీపీకి రోజూ టెల్మిసార్టాన్ 40 మి.గ్రా. వేసుకుంటున్నాను. బీపీ అదుపులోనే ఉంది. స్నేహితులతో ఎనిమిది రోజుల ట్రెక్కింగ్‌కు వెళ్తున్నాను. వేడినీళ్లు పోసుకుని తినే ఫ్రీజ్ డ్రైడ్ ప్యాకెట్లు పూటకొకటి తీసుకెళ్దామంటున్నారు. వాటిలో ఉప్పు, టేస్టింగ్ సాల్ట్ బాగా ఉంటాయట. తినొచ్చా? - ఒక పాఠకుడు

జవాబు: తినొచ్చు. కాకపోతే పూటకొకటి అన్నారు కాబట్టి కొనేముందే సోడియం లెక్క చూసుకోండి.

వండిన ఆహారాన్ని గడ్డకట్టించి, వాక్యూమ్‌లో పెట్టి, అందులోని మంచును నీరు కానివ్వకుండా నేరుగా ఆవిరిగా లాగేయడమే ఫ్రీజ్ డ్రైయింగ్. తేమ లేకపోవడం వల్లే అది నిల్వ ఉంటుంది. ఉప్పు వేసేది ముఖ్యంగా రుచికే. అందుకే ప్యాకెట్‌కీ ప్యాకెట్‌కీ సోడియంలో చాలా తేడా కనిపిస్తుంది. వెతికితే తక్కువ ఉప్పువీ దొరుకుతాయి.

చాలామంది పొరబడేది లేబుల్ దగ్గరే. ఉదాహరణకు 130 గ్రాముల పొడి ప్యాకెట్‌లో మొత్తం 1,350 మి.గ్రా. సోడియం ఉందనుకుందాం. 320 మి.లీ. నీళ్లు పోస్తే అది 450 గ్రాముల భోజనం అవుతుంది. నీళ్లు కలిపాక 100 గ్రాములకు ఎంతో రాస్తే 300 మి.గ్రా. అని ఉంటుంది. పొడిగా ఉన్నప్పటి లెక్కయితే సుమారు 1,040. రెండు సర్వింగులుగా చూపిస్తే 675. మూడూ నిజమే, ప్యాకెట్ ఒకటే! ఆకలి మీద ఎవరూ సగం తిని ఆపరు కాబట్టి మొత్తం ప్యాకెట్‌కు ఎంతో చూడండి. సోడియాన్ని 2.5తో హెచ్చిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. ఇక్కడ దాదాపు 3.4 గ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే 2,000 మి.గ్రా. లోపు సోడియం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండు ప్యాకెట్లతోనే అది దాటిపోతుంది. నీళ్లు ఎక్కువ పోస్తే చప్పబడుతుందే తప్ప, గిన్నె ఖాళీ చేశాక లోపలికి వెళ్లే సోడియం అంతే.

టేస్టింగ్ సాల్ట్ గురించి ఇంత భయం అక్కర్లేదు. టేస్టింగ్ సాల్ట్ అంటే మోనోసోడియం గ్లుటమేట్. అందులో సోడియం సుమారు 12 శాతం, మామూలు ఉప్పులో దాదాపు 40 శాతం. అర గ్రాము టేస్టింగ్ సాల్ట్‌తో వచ్చేది 60 మి.గ్రా. మాత్రమే. ఒకేసారి 3 గ్రాములో అంతకన్నా ఎక్కువో, అదీ ఆహారం లేకుండా తీసుకుంటే కొందరికి తలనొప్పి, ముఖం వేడెక్కడం, గుండెదడ కాసేపు ఉండొచ్చు. మీకు పడదని ముందే తెలిస్తే లేబుల్‌పై టేస్టింగ్ సాల్ట్‌ను సూచించే 621 నంబరుతో పాటు ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, హైడ్రోలైజ్డ్ వెజిటబుల్ ప్రొటీన్ అనే మాటలూ వెతకండి. వాటిలోనూ గ్లుటమేట్ ఉంటుంది. రుచి పెంచడానికే వేసే 627, 631, 635 నంబర్లవి శరీరంలో యూరిక్ యాసిడ్‌గా మారతాయి. గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే కీళ్ల జబ్బు) ఉన్నవాళ్లు వాటికి దూరంగా ఉండటం మంచిది.

మీ మందు దృష్ట్యా నేను అన్నిటికన్నా ముందు చూసేది పొటాషియం క్లోరైడ్. 'తక్కువ సోడియం' ప్యాకెట్లలో ఉప్పుకు బదులు దీన్ని వాడుతుంటారు. టెల్మిసార్టాన్ శరీరంలో పొటాషియాన్ని నిలిపి ఉంచుతుంది. దానికి కిడ్నీ సమస్య కూడా తోడైతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉంది. వెళ్లేముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష), పొటాషియం పరీక్షలు చేయించుకోండి.

రోజుకు ఇలాంటిది ఒక్క ప్యాకెట్ చాలు. దాన్ని ఉప్పు కలపని ఫ్రీజ్ డ్రైడ్ బఠాణీ, మొక్కజొన్న, అన్నం లాంటి వాటితో సగం సగం కలిపి రెండు పూటలు తినండి. మిగతా పూట ఓట్స్, ఉప్పులేని గింజలు, ఎండు పండ్లు. మసాలా పొడి విడిగా ఇస్తే సగమే వేయండి. నీళ్లు పోయగానే చెంచాతో మూలల దాకా కలిపి, మూత బిగించి, ప్యాకెట్‌పై చెప్పినంతసేపు ఆగండి. కలపకపోతే ఉప్పు, మసాలా అడుగున ఉండిపోతాయి. పైముద్ద చప్పగా ఉందని ఇంకాస్త ఉప్పు చల్లుకుంటారు, చివరి ముద్ద నోట పెట్టలేరు. సరిగా నానకుండా తింటే దాహం, కడుపుబ్బరం కూడా.

బాగా చెమట పట్టే రోజుల్లో సోడియం కొంత బయటికి పోతుంది కాబట్టి ఉప్పు పూర్తిగా మానేసి మంచినీళ్లే లీటర్ల కొద్దీ తాగకండి, రక్తంలో సోడియం పడిపోతుంది. బీపీ మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రం ఒంట్లో నీరు తగ్గి, ఈ మందుతో కిడ్నీలపై భారం పడొచ్చు. అప్పుడు ఎన్ని రోజులు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో మీ డాక్టర్‌తో ముందే రాయించుకుని ఆ కాగితం మందులతో పాటే పెట్టుకోండి.