మల్చ్ వేసినా కలుపు ఎందుకు వస్తోంది?

పరాయి దేశంలో కొత్తగా తోట ఉన్న ఇల్లు తీసుకున్నవారు నన్ను తరచు అడిగే ప్రశ్న ఇది: "ఇంటి ముందు మడుల్లో నేలను కప్పే చెక్కముక్కల పొర, అదే మల్చ్, నిండుగా పరిపించాం. రెండు నెలలు తిరగకముందే కలుపు లేచింది. మళ్లీ వేయించాలా?"

ఆగండి. ముందు ఒక కలుపు మొక్కను పెరికి, దాని వేరు ఎక్కడుందో చూడండి. వేరు మల్చ్ పొరలోనే ఉండి తేలికగా వచ్చేస్తే, అది పైనుంచి వచ్చిన కలుపు. గాలో పిట్టలో తెచ్చి పడేసిన విత్తనం, చివికి మట్టిలా మారిన చెక్కలో మొలిచిందన్నమాట. వేరు నేలలోకి దిగి, లాగితే పుటుక్కున తెగిపోతే, అది మల్చ్ కంటే ముందునుంచీ అక్కడున్నదే కావచ్చు. ఈ రెండింటికీ ఒకే మందు పనిచేయదు.

మల్చ్ ప్రధానంగా చేసే పని వెలుతురును ఆపడం. చిన్న విత్తనాలకు అది చాలు. తుంగ సంగతి వేరు, దానికి నేలలో గడ్డ ఉంది. గరికకు పాకే కాండం, పసుపు పూల కలుపు డాండెలైన్‌కు లోతైన తల్లివేరు ఉన్నాయి. వాటిలో దాచుకున్న ఆహారంతో అవి పొరను చీల్చుకుని వస్తాయి. మొదటి ఏడాది నేను గరిక మీదే మల్చ్ పరిచాను. కింద తేమ, మెత్తని నేల దొరికి అది మడి అంతా అల్లుకుంది. పొరంతా పక్కకు లాగి నేల తవ్వడానికి వేసవి మొత్తం పట్టింది. ఆ కష్టం మీకు వద్దు. వాన పడిన మర్నాడు, నేల మెత్తగా ఉన్నప్పుడు, గడ్డలూ వేర్లూ తవ్వి తీసిన తర్వాతే మల్చ్ తెచ్చుకోండి.

చాలామంది మల్చ్ కింద ప్లాస్టిక్ గుడ్డ పరచమంటారు. పూలమడుల్లో నేను వద్దనే చెబుతాను. నాలుగేళ్లలో దాని మీద చెక్క చివికి మట్టి చేరుతుంది, అందులో కలుపు మొలుస్తుంది, వేర్లు గుడ్డ నేతలో చిక్కుకుంటాయి. అప్పుడు లాగితే కలుపూ ఊడిరాదు, గుడ్డా ఊడిరాదు. పైగా నేలకు గాలి, నీరు అందడం తగ్గుతుంది. దాని బదులు మామూలు అట్టపెట్టెలు వాడండి. టేపు, పిన్నులు తీసేసి, అంచులు ఒకదానిమీద ఒకటి జానెడు ఎక్కేలా పరిచి, బాగా తడిపి, పైన మల్చ్ వేయండి. నెలల తరబడి వెలుతురు ఆపి, తర్వాత అట్ట నేలలో కలిసిపోతుంది.

మల్చ్ మందం రెండు నుంచి నాలుగు అంగుళాలు ఉంటే సరిపోతుంది. పలచబడిన చోట కొత్తది కలపండి, అంతేగాని ఏటా పాతదాని మీద అంతే మందం పోయకండి. చెట్టు మొదలు చుట్టూ కుప్ప పోయడం మరీ పొరపాటు. తేమ పట్టి బెరడు కుళ్లుతుంది. మొదలుకు నాలుగైదు అంగుళాల దూరం వదలండి. గడ్డివాము గడ్డి వాడదలిస్తే ధాన్యం దులిపిన గడ్డినే అడగండి. పశువుల మేతగడ్డిలో విత్తనాలుంటాయి, మీ చేతులతో మీరే కలుపు చల్లినట్లవుతుంది.

పచ్చికను ఆనుకున్న మడి అయితే, అంచు వెంట పారతో అర అడుగు లోతు గాడి కొట్టండి. పచ్చిక అటునుంచే మడిలోకి పాకుతుంది.

పైనుంచి పడే విత్తనాలకు మాత్రం వారానికోసారి తోటలో నడవడమే మార్గం. ఎండ కాసే పొడి రోజున మల్చ్ పైపొరను దంతెతో కదిపితే అప్పుడే మొలిచినవి వేరు ఎండి చస్తాయి. ఉప్పు చల్లమని ఎవరైనా చెబితే వినకండి, నేల పాడవుతుంది. మొలక రాకుండా చేసే మందు వాడితే, ఆ మడిలో మీరు చల్లే పూలగింజలూ మొలవవని గుర్తుంచుకోండి. పూత రాకముందే పెరికిన కలుపును అక్కడే ఎండేయవచ్చు. గింజ పట్టినదాన్ని మాత్రం సంచిలో కట్టి బయట పారేయండి, ఎరువు గుంటలో వేయకండి.