ఇంటి నుంచి లాగిన్ అయితే గిట్ మొరాయిస్తోందా?

చిరంజీవి చిట్టికి,

ఆఫీసులో మ్యాక్ ముందు కూర్చుంటే గిట్ పుష్ (మార్చిన కోడ్‌ను గిట్‌హబ్ సర్వర్‌కు పంపడం) హాయిగా వెళ్తోందనీ, రాత్రి ఇంటి నుంచి అదే మ్యాక్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి టెర్మినల్‌లో లాగిన్ అయ్యే పద్ధతితో) వస్తే ఒప్పుకోవడం లేదనీ రాశావు. టెన్షన్‌లో టోకెన్ (పాస్‌వర్డ్ బదులు గిట్‌హబ్ ఇచ్చే రహస్య కోడ్) కూడా మార్చేశావట. ఇక మార్చకు. సీట్లో కూర్చుంటే పనిచేసే టోకెన్ ఇంటికి వెళ్లగానే చెడిపోదు కదా. తేడా నువ్వు మెషీన్‌లోకి వచ్చిన దారిలో ఉంది.

ముందు ప్రాజెక్టు ఫోల్డర్లో గిట్ రిమోట్ -వి కొట్టి, కోడ్ ఏ అడ్రస్‌కు వెళ్తోందో చూడు. అడ్రస్ హెచ్‌టీటీపీఎస్‌తో మొదలైతే టోకెన్ అడుగుతుంది, గిట్ ఎట్ గిట్‌హబ్ అని ఉంటే ఎస్‌ఎస్‌హెచ్ కీ (నీ మెషీన్‌లో ఉండే రహస్య ఫైలు) అడుగుతుంది. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు. హెచ్‌టీటీపీఎస్ అడ్రస్ అలాగే ఉంచి కొత్త కీలు తయారుచేస్తూ సాయంత్రమంతా గడిపేవాళ్లు ప్రతి టీమ్‌లోనూ ఉంటారు. ఇంకో మాట. గిట్‌హబ్ అకౌంటు పాస్‌వర్డ్‌తో పుష్ చేయడం 2021 ఆగస్టు 13 నుంచి కుదరదు. పాస్‌వర్డ్ అని అడిగే చోట టోకెనే ఇవ్వాలి.

నువ్వు పంపిన ఎర్రర్లో 'యూజర్ ఇంటరాక్షన్ ఈజ్ నాట్ అలౌడ్' అనీ, మైనస్ 25308 అనీ ఉన్నాయి. అంటే నీది హెచ్‌టీటీపీఎస్ వ్యవహారమే. గిట్ నీ టోకెన్‌ను మ్యాక్ కీచైన్‌లో, అంటే పాస్‌వర్డ్‌లు దాచే పెట్టెలో, దాచుకుంది. స్క్రీన్ ముందు లాగిన్ అయినప్పుడు నీ పాస్‌వర్డ్‌తోనే కీచైన్ కూడా తెరుచుకుంటుంది. ఎస్‌ఎస్‌హెచ్‌తో వచ్చినప్పుడు అలా తెరుచుకోదు. పాస్‌వర్డ్ అడగడానికి చిన్న కిటికీ ఒకటి పైకి రావాలి, కానీ నీ ఎదురుగా ఉన్నది ఉత్త టెర్మినల్. అడిగే వీల్లేక అలా చేతులెత్తేస్తోంది. పుష్ చేసే ముందు అదే టెర్మినల్‌లో సెక్యూరిటీ అన్‌లాక్-కీచైన్ అని కొట్టు. మ్యాక్ లాగిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, ఇచ్చి మళ్లీ పుష్ చెయ్.

లినక్స్ సర్వర్లలోనూ ఇదే గొడవ. అక్కడ డెస్క్‌టాప్ కీరింగ్‌ను (అక్కడి కీచైన్ లాంటిది) నమ్ముకున్న క్రెడెన్షియల్ హెల్పర్ (గిట్ కోసం టోకెన్ దాచిపెట్టే ప్రోగ్రామ్) రిమోట్ సెషన్‌లో మూగబోతుంది. చాలామంది విసిగిపోయి క్రెడెన్షియల్ హెల్పర్‌ను స్టోర్ అని పెట్టేస్తారు. అది టోకెన్‌ను హోమ్ ఫోల్డర్లో ఉత్త టెక్స్ట్‌గా రాసి పెడుతుంది. నలుగురు వాడే మెషీన్‌లో ఆ పని చేయకు. క్యాష్ అని పెట్టుకో. అది మెమరీలోనే ఉంచుకుంటుంది, మామూలుగా 15 నిమిషాల తర్వాత మరిచిపోతుంది, కావాలంటే టైమ్ పెంచుకోవచ్చు.

రోజూ ఇంటి నుంచే పని అంటే మాత్రం నన్నడిగితే గిట్ రిమోట్ సెట్-యూఆర్‌ఎల్‌తో ఎస్‌ఎస్‌హెచ్ అడ్రస్‌కు మారిపో. కీ నీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది, ఆఫీసు మెషీన్‌కు కాపీ చేయక్కర్లేదు. ముందు ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌హెచ్-యాడ్ -ఎల్ కొట్టు. 'నో ఐడెంటిటీస్' అంటే ఏజెంటు (కీని మెమరీలో ఉంచుకుని నీ తరఫున వాడే ప్రోగ్రామ్) ఉంది, అందులో కీ లేదు. అప్పుడు ఎస్‌ఎస్‌హెచ్-యాడ్‌తో కీ ఎక్కించి, ఏజెంటు కూడా వెంట వచ్చేలా ఎస్‌ఎస్‌హెచ్‌కు పెద్ద -ఏ పెట్టి ఆఫీసు మెషీన్‌లోకి లాగిన్ అవ్వు. అక్కడికి వెళ్లాక మళ్లీ ఎస్‌ఎస్‌హెచ్-యాడ్ -ఎల్ కొట్టు. నీ కీ కనిపిస్తే సగం పని అయినట్టే. 'కుడ్ నాట్ ఓపెన్ ఎ కనెక్షన్' అంటే ఏజెంటు నీతో పాటు అక్కడికి రాలేదన్నమాట.

అయితే నువ్వు కనెక్ట్ అయి ఉన్నంతసేపూ ఆ మెషీన్‌లో రూట్ అధికారం (పూర్తి అడ్మిన్ హక్కు) ఉన్నవాళ్లు నీ ఏజెంటును వాడుకోగలరు. కీని ఎత్తుకుపోలేరు గానీ నీ పేరుతో లాగిన్ కాగలరు. కాబట్టి ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్‌లో హోస్ట్ స్టార్ (అన్ని మెషీన్లూ అని అర్థం) కింద ఫార్వర్డ్‌ఏజెంట్ యెస్ అని రాసి పడేయకు. నమ్మకమున్న ఒక్క మెషీన్ పేరు కిందే రాయి.

నువ్వు టీమక్స్ (కనెక్షన్ తెగినా టెర్మినల్ పనులను నడిపిస్తూ ఉంచే ప్రోగ్రామ్) వాడతావు కాబట్టి ఇది కూడా విను. నిన్న పనిచేసింది, ఈరోజు మళ్లీ కనెక్ట్ అయితే 'పర్మిషన్ డినైడ్, పబ్లిక్‌కీ' అంటుంది. టీమక్స్ పాత పేన్‌లో (స్క్రీన్ ముక్కలో), ఏజెంటు ఎక్కడుందో చెప్పే ఎస్‌ఎస్‌హెచ్ ఆథ్ సాక్ అనే వేరియబుల్ నిన్నటి సాకెట్‌నే (ఏజెంటును చేరే దారినే) చూపిస్తూ ఉంటుంది, ఆ సాకెట్ నిన్ననే పోయింది. టీమక్స్‌లోనే కొత్త విండో తెరిచి అందులో పుష్ చెయ్. అటాచ్ అయినప్పుడు వచ్చిన కొత్త విలువ దానికి అందుతుంది.

సుడో గిట్ పుల్ (రూట్ అధికారంతో కోడ్ తెచ్చుకోవడం) మాత్రం ఎంత విసుగొచ్చినా కొట్టకు. లినక్స్‌లో సుడో మామూలుగా ఆ ఎస్‌ఎస్‌హెచ్ ఆథ్ సాక్ వేరియబుల్‌ను తీసేస్తుంది, పైగా రూట్ పేరుతో ఫైళ్లు మిగిలి రేపు నీ మామూలు పుల్ కూడా ఆగిపోతుంది.

నీకు సొంత అకౌంటు ఒకటి, ఆఫీసుది ఒకటి ఉన్నాయి కదా. ఎస్‌ఎస్‌హెచ్‌కు పెద్ద -టి పెట్టి గిట్ ఎట్ గిట్‌హబ్ అడ్రస్‌కు కనెక్ట్ అయితే నిన్ను ఏ పేరుతో పలకరిస్తుందో చూడు. నీ సొంత పేరు వస్తే ఆఫీసు రిపో (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) నీకు దొరక్కపోవడంలో వింత లేదు.

ఇవన్నీ చూశాక కూడా కుదరకపోతే గిట్ చేసే పనులన్నీ తెరపై రాసేలా గిట్ ట్రేస్ అనే వేరియబుల్‌కు 1 అని పెట్టి పుష్ చేసి, వచ్చినదంతా నాకు పంపు. టోకెన్ ఎక్కడైనా కనిపిస్తే పంపే ముందే తీసెయ్.

మీ మావయ్య