స్ప్రే వాళ్ళని తిట్టే ముందు గూటి బుర్రలు దించి చూడండి

మీ ప్రశ్న చదువుతుంటే నా మొదటి ఏడాదే కళ్ళ ముందు తిరిగింది. మీది డాలస్ శివారులో ఇల్లు, పెరట్లో స్తంభానికి పక్షుల గూళ్ళుగా కట్టిన తెల్ల ప్లాస్టిక్ సొరబుర్రలు, ఈ ఏడాదే పర్పుల్ మార్టిన్ పక్షులు వచ్చి గూళ్ళు పెట్టాయి, రెండు వారాల్లో నాలుగు పిల్లలు చనిపోయాయి, ఒంటి మీద గాయం లేదు. పక్కింటివాళ్ళు దోమల మందు కొట్టిస్తున్నారు, అదే కారణమా అని అడిగారు. నాకూ అచ్చం ఇలాగే జరిగింది. నేనూ మొదట స్ప్రేనే అనుకున్నాను. పక్కింటాయన తలుపు కూడా కొట్టాను. పాపం, ఆయన ఆ నెలంతా మందు కొట్టించడం ఆపేశాడు. పిల్లలు చావడం మాత్రం ఆగలేదు.

ఇది చదివే మిగతావాళ్ళకి ఒక్క మాట. పర్పుల్ మార్టిన్ అంటే మన చెరువుల మీద రివ్వున తిరిగే వానకోవెల జాతి పక్షే, కాకపోతే ఉత్తర అమెరికాలో ఆ జాతిలో ఇదే పెద్దది. చలికాలం బ్రెజిల్ వైపు గడిపి, ఫిబ్రవరికల్లా టెక్సస్ చేరుతుంది. రాకీ పర్వతాలకి తూర్పున ఇది దాదాపు పూర్తిగా మనుషులు పెట్టిన గూళ్ళలోనే పిల్లల్ని చేస్తుంది. యూరోపియన్లు రాకముందే చాక్టా, చికసా తెగలవాళ్ళు ఎండిన సొరబుర్రలు కర్రలకి కట్టి వీటికి ఇళ్ళు చేసేవారు. మన తాతలు పొలానికి మంచినీళ్ళు పట్టుకెళ్ళిన సొరబుర్రే అనుకోండి. ఇప్పుడు అదే ఆకారంలో ప్లాస్టిక్‌వి వస్తున్నాయి. అంటే మనం ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళం. ఇక్కడ ఈ పక్షుల్ని పెంచేవాళ్ళని ‘ల్యాండ్‌లార్డ్’ అనే పిలుస్తారు కూడా. ఇంట్లో ఏం జరుగుతోందో ఓనరు చూడకపోతే ఇంకెవరు చూస్తారు?

నా కథకి వస్తాను. పన్నెండు బుర్రల్లో ఏడింట్లో జంటలు దిగాయి. మూడో నంబరు బుర్రలో ఐదు పిల్లలు. పుట్టిన ఆరో రోజున ఒకటి, మర్నాడు ఒకటి, తొమ్మిదో రోజుకి మరొకటి పోయాయి. గాయం లేదు, రక్తం లేదు, పక్క బుర్రల్లో పిల్లలు లడ్డూల్లా ఉన్నాయి. మందే అయితే మూడో నంబరు ఒక్కదాన్నే ఎందుకు పట్టింది? ఆ ప్రశ్న నేను వేసుకోలేదు. కోపంలో ఉన్నాను కదా.

అప్పుడు గుంటూరు నుంచి అమ్మ వచ్చి ఉంది. ఇక్కడికి వచ్చిన అమ్మానాన్నలకి పగలంతా ఏం తోస్తుంది? కాఫీ గ్లాసు పట్టుకుని వెనక తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. ఒకరోజు నేను ఆఫీసు కాల్‌లో ఉండగా వచ్చి, “ఆ మూడో బుర్రకి నల్లది ఒక్కటే వస్తోందిరా, బూడిద రంగుది నాలుగైదు రోజులుగా రావట్లేదు” అంది. అంతే, విషయం తేలిపోయింది. ఒళ్ళంతా నల్లటి ఊదా రంగులో మెరిసేది మగపక్షి. పొట్ట బూడిద రంగులో ఉండేది ఆడది (ఏడాది వయసు మగవి కూడా దాదాపు ఆడవాటిలాగే ఉంటాయి, మోసపోకండి). తల్లిని ఏ డేగ ఎత్తుకుపోయిందో, ఏ కారు గుద్దిందో తెలీదు. తండ్రి మాత్రం పాపం తూనీగల్ని తెచ్చి పోస్తూనే ఉంది.

మరి తిండి ఉన్నా ఎందుకు చచ్చాయి? సుమారు పది రోజుల వయసు వచ్చేదాకా ఈ పిల్లలు తమ ఒంటి వేడిని తాము నిలుపుకోలేవు. రాత్రి తల్లి వాటి మీద కూర్చుని వెచ్చగా ఉంచాలి. పొదిగే తల్లికి పొట్ట కింద ఈకలు రాలి వెచ్చటి చర్మం బయటపడుతుంది, మగదానికి అది ఉండదు. మే నెలలో వాన పడిన రాత్రి మనకి హాయిగా ఉంటుంది గానీ ఈకలు లేని పిల్లకి అది చావే. పొద్దున తండ్రి తిండి తెచ్చేసరికి నోరు తెరిచే ఓపిక ఉండదు. బయటి నుంచి చూస్తే పక్షులు తిరుగుతున్నాయి, తిండి వస్తోంది, పిల్లలు మాత్రం ‘కారణం లేకుండా’ పోతున్నాయి.

మిగిలిన రెండింటినీ, పెన్సిల్వేనియాలోని పర్పుల్ మార్టిన్ కన్జర్వేషన్ అసోసియేషన్ వాళ్ళని అడిగి, ఇంచుమించు అదే వయసు పిల్లలున్న ఆరో నంబరులోకి మార్చాను. మనిషి చెయ్యి తగిలితే పక్షి పిల్లల్ని ముట్టదని మన ఇళ్ళలో చెబుతారు కదా, మార్టిన్ల విషయంలో అది నిజం కాదు. అవి గూటిని గుర్తుపడతాయి గానీ చిన్న వయసులో పిల్లని కాదు. రెండూ బతికి జూన్‌లో ఎగిరిపోయాయి. మీరూ అలా మార్చాలనుకుంటే ముందు అడిగి చేయండి. ఇవి 1918 నాటి వలస పక్షుల చట్టం కింద రక్షణలో ఉన్నాయి, చచ్చిన పక్షిని దాచుకోవడం కూడా ఆ చట్టం ప్రకారం తప్పే.

ఇక స్ప్రే సంగతి. తప్పే లేదని నేను అనను. కానీ మార్టిన్లు మన కంచె ఎత్తులో మేత తినవు, చాలాసార్లు వందల అడుగుల పైన తిరుగుతూ తింటాయి. రోజుకి రెండు వేల దోమలు తింటాయని గూళ్ళు అమ్మేవాళ్ళు చెప్పేది వట్టి కబురు, వీటి తిండిలో దోమలు దాదాపు ఉండవు. పెరళ్ళలో కొట్టే పైరిథ్రాయిడ్ మందులు పురుగుల్ని చంపినంత తేలిగ్గా పక్షుల్ని చంపవు. వాటివల్ల తిండి తగ్గడం అనే నష్టం ఉంది, అది నిజం. అయినా ఒక గూట్లో పిల్లలు చచ్చి పక్క గూట్లో బతికితే నేను ముందు ఆ గూటినే అనుమానిస్తాను.

రెండో ఏడాది వేరే పాఠం. నాలుగు రోజులు ఎడతెరిపి లేని వాన, చలిగాలి. ఇవి ఎగిరే పురుగుల్నే తింటాయి, అదీ గాల్లోనే. 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికి పడిపోతే పురుగులు లేవవు, వానలో అసలే లేవవు. పెద్దవి తమ కడుపే నింపుకోలేవు. అప్పుడు అన్ని గూళ్ళలోనూ ఒకేసారి, చివర పుట్టిన బక్కపిల్ల నుంచి మొదలుపెట్టి పోతాయి. చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు, రొమ్ము ఎముక కత్తిలా తగులుతుంది. ఆకలి చావుకి గుర్తు అదే. 1972 జూన్‌లో ఆగ్నెస్ తుపాను వానలకి పెన్సిల్వేనియా చుట్టుపక్కల మార్టిన్లు ఇలాగే తుడిచిపెట్టుకుపోయాయి. 2021 ఫిబ్రవరి మంచుకి మన టెక్సస్‌లో ముందుగా వచ్చిన పెద్ద పక్షులే పిట్టల్లా రాలాయి. ఈ పరిస్థితిలో మనం చేయగలిగింది ఉంది. పెట్ స్టోర్లో కీచురాళ్ళు కొని, చెంచాతో పైకి ఎగరేస్తే గాల్లోనే పట్టుకుంటాయి. అలవాటయ్యాక ట్రేలో పెట్టినా తింటాయి, ఉడికిన గుడ్డు పొరటు కూడా. నేను వానలో గొడుగు పట్టుకుని చెంచాతో కీచురాళ్ళు విసురుతుంటే మా ఆవిడ వీడియో తీసి ఇండియాలో అందరికీ పంపింది. “వీడికి బుర్రలు ఎక్కువై బుర్ర తక్కువైంది” అని మా బావ రిప్లై.

ఎండ కూడా చంపుతుంది. జూన్ మధ్యలో చిన్న గదుల అల్యూమినియం గూళ్ళలో పిల్లలు ద్వారం దగ్గరికి తోసుకొచ్చి నోరు తెరిచి రొప్పుతూ, తట్టుకోలేక దూకేస్తాయి. చావు కింద నేల మీద కనిపిస్తుంది, కారణం పైన ఉంటుంది. ఆరంగుళాల చదరపు పాతకాలం గదులు మీ దగ్గర ఉంటే రెండేసి కలిపి ఒక గది చేయండి. మీవి తెల్ల బుర్రలే అన్నారు కాబట్టి ఇది తక్కువ అనుమానం.

ఎక్కువ అనుమానం పరాన్నజీవుల మీద. బుర్ర మూత తీసి లోపల చెయ్యి పెట్టి ఒక నిమిషం ఉంచండి. మిరియాల పొడి చల్లినట్టు చుక్కలు చేతి మీద పాకితే అవి మైట్లు. గూటి అడుగున ఆకులు ఎత్తితే బూడిద రంగు పురుగులు కనిపిస్తాయి, అవి బ్లోఫ్లై ఈగ పిల్లలు, రాత్రిళ్ళు రక్తం పీలుస్తాయి. కొంచెం ఉంటే పిల్లలు తట్టుకుంటాయి, బలహీనంగా ఉన్న గూట్లో మాత్రం ఇవే ప్రాణం తీస్తాయి. గూడు మార్చడం తేలికే. పిల్లలకి సుమారు పది రోజుల వయసులో ఒకసారి, ఇరవైకి ముందు ఇంకోసారి, వాటిని గుడ్డ పరిచిన బకెట్లో పెట్టి, పాత చెత్తంతా తీసేసి, పొడి చెక్క పొట్టు వేసి, మధ్యలో గుంట చేసి తిరిగి కూర్చోబెట్టండి. పది నిమిషాల పని. వానకి తడిసిన గూడైతే వయసు చూడకుండా ఆ రోజే మార్చండి. పురుగుమందు పొడి మాత్రం చల్లొద్దు, ఎవరు ఎంత చెప్పినా సరే.

మన టెక్సస్‌లో ఇంకోటి, నిప్పు చీమలు. స్తంభం ఎక్కి, గూట్లో ఈకలు రాని పిల్లల్ని చంపేస్తాయి. చచ్చిన పిల్ల మీద చీమలుంటే అవే చంపాయని కాదు, చచ్చాక కూడా వస్తాయి. స్తంభం మీద బారు ఉందా చూడండి. కింది భాగంలో గ్రీజు రాసి, దుమ్ము పట్టినప్పుడల్లా మళ్ళీ రాస్తున్నాను నేను.

పాము, గుడ్లగూబ మీ విషయంలో కాదు. రాట్ స్నేక్ వస్తే గూడు ఖాళీగా ఉంటుంది, శవం మిగలదు. పిచ్చుక అయితే తల మీద పొడిచిన గాటు ఉంటుంది. ఈ పిచ్చుక దగ్గర మా అమ్మకీ నాకూ పెద్ద గొడవే జరిగింది. ఊళ్ళో వసారాలో వరికంకుల కుచ్చు కట్టి పిచ్చుకల్ని పిలిచే మనిషి, ఇక్కడ కొడుకు పిచ్చుక గూడు పీకి పారేయడం చూసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇవి ఇక్కడివి కావు, 1850ల్లో బ్రూక్లిన్‌లో తెచ్చి వదిలారు, మార్టిన్ల గుడ్లు పొడిచి పిల్లల్ని చంపుతాయి, చట్టం వీటిని కాపాడదు అని చెప్పి చూశాను. “మనం మాత్రం ఇక్కడివాళ్ళమా?” అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. గూళ్ళు మాత్రం ఇప్పటికీ పీకుతున్నాను.

అన్నిటికీ కారణం దొరుకుతుందని కూడా అనుకోకండి. పోయిన ఏడాది తొమ్మిదో నంబరులో పదిహేడు రోజుల పిల్లలు ఐదూ ఒకే రోజు పోయాయి. బొద్దుగా ఉన్నాయి, మైట్లు లేవు, గూడు పొడిగా ఉంది, తల్లీ తండ్రీ ఇద్దరూ నోట్లో తూనీగలతో గూటి ముందు తిరుగుతున్నాయి. అప్పుడు మందు మీద అనుమానం న్యాయమే. కానీ నేను బాధలో గొయ్యి తీసి పాతేశాను. ఆ రోజే రాష్ట్ర వన్యప్రాణి శాఖకి ఫోన్ చేసి, వాళ్ళు చెప్పినట్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాల్సింది (డీప్ ఫ్రీజర్‌లో కాదు, గడ్డకడితే కణజాలం పాడవుతుంది). తాజా శవంలోనైతే కొన్ని రకాల పురుగుమందుల జాడ పరీక్షలో పట్టుకోగలరు. ఆ అవకాశం నేనే పోగొట్టుకున్నాను.

మీరు రాసినదాంట్లో నాకు కావాల్సిన ముక్కలు లేవు. నాలుగు పిల్లలూ ఒకే బుర్రలోవా, వేర్వేరు బుర్రల్లోవా? ఒక్కోటి చనిపోయేనాటికి వయసెంత? అంతకు ముందు రెండు రోజులు వాన పడిందా? బుర్రలకి నంబర్లు వేసి, ఐదారు రోజులకోసారి దించి, ఎన్ని గుడ్లు, ఎన్ని పిల్లలు, ఏ తేదీ అని ఒక నోట్‌బుక్‌లో రాయండి. పిల్లలకి ఇరవై రెండు రోజులు దాటిన గూడు మాత్రం తెరవొద్దు, భయపడి ఎగరలేని వయసులోనే దూకేస్తాయి. రేపు పొద్దున వీలైతే ఒక గంట వెనక కుర్చీ వేసుకుని కూర్చోండి. చావులు జరిగిన బుర్రకి నల్లది ఎన్నిసార్లు వచ్చింది, బూడిద రంగుది ఎన్నిసార్లు వచ్చింది లెక్కపెట్టి కింద రాయండి, చూసి చెబుతాను.