బీపీ పడిపోయిన పేషెంట్‌కి సెలైన్ ఆపి లాసిక్స్ ఎందుకు?

మీ పేషెంట్‌కి కుడి గుండె ఫెయిల్యూర్, బీపీ 84/50, కాళ్లు వాచాయి, యూరిన్ సరిగా రావట్లేదు. అయినా డాక్టర్ సెలైన్ ఆపించి లాసిక్స్ (ఒంట్లో ఎక్కువైన నీటిని యూరిన్‌గా బయటికి పంపే మందు) పెట్టించారు, ఇది తప్పు కాదా అని అడిగారు. ఐసీయూలో చేరిన కొత్తలో నాకూ ఇదే టెన్షన్.

అప్పట్లో ఎన్నాళ్లుగానో ఊపిరితిత్తుల జబ్బు ఉండి, కుడి గుండె దెబ్బతిన్న ఒక పెద్దాయన్ని చూసుకునేదాన్ని. బీపీ తగ్గగానే ఆర్డర్ ప్రకారం 500 మి.లీ. సెలైన్ ఎక్కించాను. సీవీపీ (గుండెకి రక్తం తెచ్చే పెద్ద సిరలో ప్రెషర్) 14 నుంచి 19కి ఎక్కింది, బీపీ మాత్రం ఇంకా దిగింది. సీనియర్ సిస్టర్ వచ్చి ఆయన మెడ చూపించారు. నరాలు చెవి దాకా ఉబ్బి ఉన్నాయి. "ఒంట్లో నీళ్లు చాలక కాదమ్మా, ఉన్నవి ముందుకు పోవట్లేదు" అన్నారు.

కుడి జఠరిక (గుండెలో కుడివైపు కింది గది) గోడ పల్చన. అతిగా నిండితే సాగిపోయి, రెండు జఠరికల మధ్య గోడను ఎడమవైపుకి నెట్టేస్తుంది. ఎడమ జఠరికలో రక్తం నిండే చోటు తగ్గి బీపీ పడుతుంది. వెనకాల సిరల్లో ప్రెషర్ పెరిగి కిడ్నీలు మొరాయిస్తాయి. అందుకే ఆ రోజు బీపీ పెంచే నారడ్రినలిన్‌తో మీన్ ప్రెషర్ (సగటు బీపీ) 65 పైన నిలబెట్టి, లాసిక్స్ మొదలుపెట్టారు. తెల్లారేసరికి యూరిన్ బ్యాగ్ నిండింది, బీపీ కూడా కోలుకుంది.

అలాగని అందరికీ ఫ్లూయిడ్ వద్దని కాదు. కుడి జఠరికకి హార్ట్ ఎటాక్ వచ్చి, సీవీపీ తక్కువగా ఉంటే కొద్దికొద్దిగా ఇచ్చి చూస్తారు. అలాంటివాళ్లకి రక్తనాళాలను వదులు చేసే నైట్రోగ్లిజరిన్‌తో బీపీ ఒక్కసారిగా కూలిపోవచ్చు. ఆర్డర్ ఉన్నా మరోసారి అడిగాకే పెట్టండి.

మన చేతుల్లో ఉన్నదీ తక్కువేం కాదు. ఆక్సిజన్ తగ్గినా, కార్బన్ డయాక్సైడ్ పెరిగినా ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుని కుడి గుండెకి బరువు పెరుగుతుంది. కాబట్టి సక్షన్‌కి (గొట్టంతో కఫం లాగడానికి) ముందు నూరు శాతం ఆక్సిజన్ ఇవ్వండి, పదిహేను సెకన్లు దాటనివ్వకండి. మంచం ఎత్తు మార్చిన ప్రతిసారీ ట్రాన్స్‌డ్యూసర్‌ని (సీవీపీ కొలిచే సెన్సర్‌ని) మళ్లీ గుండె లెవెల్‌కి తేండి, లేదంటే సీవీపీ తప్పు చూపిస్తుంది. పడుకునే ఉండేవాళ్లకి వాపు నడుము కింద చేరుతుంది. అక్కడి చర్మం త్వరగా చితుకుతుంది, పక్కకి తిప్పినప్పుడల్లా చూడండి.

ఈ రాత్రి మీదే డ్యూటీ అయితే యూరిన్ గంటగంటకీ రాయండి. వరుసగా రెండు గంటలు కిలోకి 0.5 మి.లీ. కన్నా తగ్గినా, చేతులు చల్లబడినా, లాక్టేట్ (ఒంటికి రక్తం సరిగా అందనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) పెరిగినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే డాక్టర్‌ని లేపండి.