రాజీనామా ఇంకా ఇవ్వలేదు కదా

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథా, దానితో పాటు రాసిన సుదీర్ఘమైన ఉత్తరమూ అందాయి. భాష శుభ్రంగా ఉంది, తప్పులు లేవు. ఈ రోజుల్లో అదే పదివేలు. ఆ ఒక్క మాట రాసి ఊరుకునేవాణ్ణేమో గానీ, రాయడమే నీ జీవితమని ఈ మధ్యే తెలిసిందనీ, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు ఉద్యోగానికి సంక్రాంతిలోపు రాజీనామా ఇచ్చి, హైదరాబాదు వెళ్ళి పూర్తికాలం రచయిత్రివి కాబోతున్నావనీ చివర రాశావు చూడు, అది చదివాక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ముందు కథ సంగతి. హైటెక్ సిటీలో కాఫీ షాపు, అద్దాల మీద వాన, ఆమె మౌనం, అతని మౌనం. వాళ్ళిద్దరూ ఏ పని చేసి బతుకుతున్నారో, ఆ కాఫీకి డబ్బులెవరిచ్చారో నాకు చివరిదాకా తెలియలేదు. అయితే మధ్యలో ఒకచోట నాయికకు తను పనిచేసిన ఆఫీసు గుర్తుకు వస్తుంది. ఎకరంన్నర పొలం కొడుకులిద్దరికీ దానపత్రం రాసివ్వడానికి వచ్చిన ముసలమ్మ వేలిముద్ర యంత్రం మీద పడదు. వేలు తడిపి, చీర కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టిస్తారు. ఆ చెయ్యి కాదని ఈ చెయ్యి పెట్టిస్తారు. గుమ్మంలో డాక్యుమెంటు రైటరు విసుక్కుంటూ ఉంటాడు. అప్పుడామె, “నేను నేను కాదంటోందా అమ్మా ఆ మిషను?” అని అడుగుతుంది. అది చదివి లేచి కాసేపు వరండాలో పచార్లు చేశాను. తిరిగి వచ్చి పేజీ తిప్పితే మళ్ళీ వాన! చెప్పలేనంత కోపం వచ్చింది.

తెలుగు కథల్లో ఎవరూ పని చెయ్యరమ్మా. ప్రేమిస్తారు, ఏడుస్తారు, అమెరికా వెళ్తారు, రైలు కిటికీలోంచి బయటికి చూస్తారు. పొద్దున తాళం తీసింది మొదలు సాయంత్రం దాకా మనిషి చేసే పని మాత్రం కథలోకి రాదు. వచ్చినచోట ఏమవుతుందో చూడు. రావిశాస్త్రి (రాచకొండ విశ్వనాథశాస్త్రి) గారు విశాఖపట్నంలో వకీలుగా కోర్టుల చుట్టూ తిరగకపోయి ఉంటే ‘ఆరు సారా కథలు’లో మనుషులు అలా మాట్లాడేవారు కారు. కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) అదే ఊళ్ళో మూడు దశాబ్దాలు బడిపంతులుగా పనిచేశారు. ‘యజ్ఞం’లో అప్పు తగువు అంచెలంచెలుగా నడిచే తీరు చూస్తే, అది లెక్కలు చెప్పే మనిషి రాసిన కథ అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో పోయేదాకా ‘చందమామ’ పని చూస్తూనే అంత సాహిత్యమూ రాశారు. వీళ్ళెవరికీ ఉద్యోగం రాతకు అడ్డు రాలేదు.

అలాగని కష్టాలే రచయితను తయారుచేస్తాయనే కబుర్లు నేను చెప్పను. ‘శారద’ పేరుతో రాసిన నటరాజన్ తమిళుడు. తెనాలి హోటళ్ళలో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని, కథలూ నవలలూ రాసి, 1955లో ముప్పై దాటీ దాటకుండానే పోయాడు. నెలజీతం వచ్చే కుర్చీ ఒకటి ఆయనకు దొరికి ఉంటే ఇంకెన్ని పుస్తకాలు మిగిలేవో! అలాంటి కుర్చీ చేతిలో ఉంచుకుని నువ్వు వదిలేస్తానంటున్నావు.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లెక్కపెట్టడం, తూకంలో తరుగు తీయడం, రైతుకు పట్టీ, అంటే లెక్కల చీటీ, రాసివ్వడం నా పని. ఎంత కడుక్కున్నా చేతుల కారం పోయేది కాదు. రాత్రి రాసుకుంటూ పరాకున కళ్ళు నులుముకున్నానా, ఆ పూటకు రాత బంద్. చదువురాని రైతొకడు తన పట్టీని నాచేత మళ్ళీ మళ్ళీ చదివించుకుని, అప్పు పోను మిగిలేదేమీ లేదన్న మాట దగ్గరికి రాగానే “మొదటినుంచీ చదవయ్యా” అనేవాడు. దాన్ని కథగా రాసి ఒక వారపత్రికకు పంపితే, సంపాదకుడు గారు పిలిపించి, బస్తాల లెక్కలు ఎవరు చదువుతారు, షావుకారు కూతురికీ గుమాస్తాకీ ప్రేమ పెట్టమన్నారు. చేతబడుల సీరియళ్ళు విరగబడి అమ్ముడుపోతున్న కాలం అది. నేను ప్రేమ పెట్టలేదు, ఆయన కథ వెయ్యలేదు. ఇప్పటి సంపాదకులు మాత్రం ఏం తక్కువ తిన్నారు? ప్రకటనలు పోగా మిగిలిన జాగాలో పట్టడానికి కథను కోస్తారు, ఆ కోసేది కూడా సరిగ్గా ఆ ముసలమ్మ మాట దగ్గరే కోస్తారు.

ఇక కలంతో బతకడం. సీరియళ్ళ మీద సంసారాలు నడిపిన రచయితలు ఒకప్పుడు ఉన్నారు, నిజమే. ఆ వారపత్రికల్లో చాలావరకు ఇప్పుడు లేవు; మిగిలినవాటిలో కూడా కొన్ని 2020లో కరోనా వచ్చాక అచ్చు ఆపేశాయి. ఇవాళ కథల సంపుటి రావాలంటే చాలామంది తమ డబ్బే పెట్టుకుని, కొన్ని వందల ప్రతులు వేయించి, ఆవిష్కరణ సభలో పంచగా మిగిలినవి మంచం కింద సర్దుకుంటున్నారు. సినిమాలకు రాస్తే డబ్బు వస్తుంది. అక్కడ నీ ముసలమ్మ చేత ఏం మాట్లాడించాలో ఇంకెవరో చెబుతారు.

కలంపేరు, ప్రచురణకర్తలు వగైరా అడిగావు. అవన్నీ తర్వాత. కాఫీ షాపు మొత్తం తీసెయ్యి. ముసలమ్మ దగ్గరే మొదలుపెట్టు. కొడుకులు ఎక్కడ నిలబడ్డారు, సాక్షి సంతకాలు చేసిందెవరు, డాక్యుమెంటు రైటరు ఎంత పుచ్చుకున్నాడు, అందులో లోపలికి ఎంత వెళ్ళింది, చివరికి వేలిముద్ర పడిందా, పడకపోతే మీరేం చేస్తారు. ఇవి నీకు తెలుసు, నాకు తెలియవు. పైవాళ్ళ భయముంటే ఊరి పేరు మార్చు, డబ్బు లెక్క మాత్రం మార్చకు. ఆఫీసులో రద్దీ చూసుకుని, వీలున్నప్పుడే రాయి. ఉగాది వెళ్ళాక పంపినా చాలు. అక్షరాలు మాత్రం కాస్త పెద్దవిగా కొట్టించు.

ఇట్లు
నీ శ్రేయోభిలాషి