‘సందేహాలున్నాయా?’ అని అడగకండి

ప్రశ్న: నాలుగో తరగతికి పాఠాలు చెబుతున్నాను. పాఠం ముగిశాక ‘సందేహాలేమైనా ఉన్నాయా?’ అని రోజూ అడుగుతాను. ఎవరూ నోరు విప్పరు. విప్పినా ‘మార్జిన్ గీయాలా టీచర్?’, ‘ఇది పరీక్షలో వస్తుందా?’ అంతవరకే. పిల్లల చేత ఆలోచించి ప్రశ్నలు అడిగించడం ఎలా?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: ముందు ఆ ‘సందేహాలున్నాయా’ మానేయండి. పిల్లల చెవికి అది ‘అర్థం కానివాళ్లెవరో చేతులెత్తండి’ అన్నట్టే వినిపిస్తుంది. ఎవరెత్తుతారు? పైగా సరిగ్గా గంట కొట్టే వేళకు అడుగుతాం.

నేను ముప్ఫై ఏళ్లు చిన్న తరగతులకు చెప్పాను. అందులో సగం కాలం పిల్లల ప్రశ్నల పీక నొక్కింది నేనే, అదీ జవాబులు చెప్పి. ఒకరోజు రెండు ఐసు ముక్కలు తెచ్చి ఒకటి పళ్లెంలో పెట్టాను, రెండోది ఉన్ని స్వెట్టర్‌లో చుట్టాను. ఏది ముందు కరుగుతుందంటే, స్వెట్టర్ వెచ్చగా ఉంటుంది కాబట్టి అందులోదేనని తరగతంతా ఒకటే గోల. కాసేపాగి విప్పితే పళ్లెంలోది దాదాపు నీరైంది, స్వెట్టర్‌లోది ఇంకా గట్టిగా ఉంది. చివరి బెంచీ పిల్ల లేచి, ‘మరి స్వెట్టర్‌లో వేడి ఎక్కడ ఉంటుంది టీచర్?’ అంది. అలాంటి ప్రశ్న మళ్లీ ఎన్నడో గాని వినలేదు. నేనేం చేశాను? ‘అందులో వేడి ఉండదమ్మా, వేడిని తొందరగా దాటనివ్వదంతే’ అని తేల్చేశాను. పిల్ల కూర్చుంది. ‘అయితే తొడుక్కుంటే మనకెందుకు వెచ్చగా ఉంటుంది?’ అని తనే అడిగి ఉండేది. నేను అడగనివ్వలేదు.

మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో ఈ తొందరనే కొలిచారు. టీచర్లు ప్రశ్న వేశాక జవాబు కోసం ఆగేది సుమారు ఒక్క సెకను. దాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, వాళ్లు అడిగే ప్రశ్నలూ పెరిగాయి. పిల్లలు మాట్లాడడం ఆపాక కూడా అలాగే ఆగాలి. అసలు కష్టం అక్కడే. నేను బల్ల కింద వేళ్లు లెక్కపెట్టుకునేదాన్ని.

ఇక పాఠం చివర కాదు, మొదట్లోనే బోర్డు మీద ఒక వాక్యం రాయండి: ‘స్వెట్టర్ ఐసును కాపాడింది.’ అయిదు నిమిషాలు పిల్లలు ప్రశ్నలు మాత్రమే చెప్పాలి. ఎవరూ జవాబివ్వకూడదు. మీరు ‘భలే ప్రశ్న!’ అని కూడా అనకూడదు, ఆ మెచ్చుకోలు మిగతావాళ్ల నోళ్లు మూయిస్తుంది. వాళ్ల మాటలను దిద్దకుండా ఉన్నదున్నట్టు రాయండి. అమెరికాలోని రైట్ క్వశ్చన్ ఇన్‌స్టిట్యూట్ అనే విద్యాసంస్థ రూపొందించిన పద్ధతి ఇది. తర్వాత అవును, కాదులతో తేలిపోయే ప్రశ్నలను పిల్లల చేతే మార్చి రాయించండి. ‘స్వెట్టర్ వెచ్చనిదేనా?’ అన్నది ‘ఎవరూ తొడుక్కోని స్వెట్టర్ ఎందుకు వెచ్చబడదు?’ అవుతుంది.

‘ఎందుకు’ ఉంటేనే లోతైన ప్రశ్న అనే మాట నేను నమ్మను. ‘ఎంతసేపట్లో కరుగుతుంది?’ అన్న పిల్లవాడు గడియారం ముందేసుకుని రెండు రోజులు కొలతలు రాశాడు.

మొదటి వారం మౌనమే ఎదురవుతుంది, కంగారుపడి దాన్ని మీరు నింపకండి. మార్జిన్ గీయాలా అన్న పిల్లవాణ్ణి కూడా విసుక్కోకండి. గీయమనండి, కాస్త వెడల్పుగా. పాఠం నడుస్తుండగా తోచిన ప్రశ్నలు రాసుకోవడానికి చోటు కావాలి కదా.